పాట కోసం పడ్డ పాట్లు: ఫైనల్ ఇయర్ సినిమాలకి ప్రొడ్యూసర్‌గా నా అనుభవం

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు రెండూ సబ్మిట్ చేశాను, వైవా కూడా అయిపోయింది. కోపం చల్లారకముందే ఇది రాసేయాలి. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లేనని రాసేస్తానేమోనని భయం.

మా బ్యాచ్‌లో అందరికీ డైరెక్షన్ కావాలి, అది కాకపోతే కెమెరా. ప్రొడక్షన్ కావాలని ఫామ్‌లో రాసింది నేనొక్కదాన్నే. దాంతో ఒక కథాచిత్రం, ఒక డాక్యుమెంటరీ రెండూ నా నెత్తిన పడ్డాయి. ప్రొడ్యూసర్ అంటే డబ్బులు పెట్టే మనిషి అనుకునేవాళ్లు బయటే కాదు, ఫిల్మ్ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఉంటారని ఈ ఏడాదే తెలిసింది. స్టూడెంట్ సినిమాలో ప్రొడ్యూసర్ చేతిలో ఉండేది డబ్బు కాదు, ఒక ఫైలు. ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలి, ఎవరు దేని మీద సంతకం పెట్టారు, ఏ లెన్స్ ఎప్పుడు తిరిగివ్వాలి, అన్నీ అందులోనే.

డాక్యుమెంటరీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిన్న టీమ్, మాట వినే డైరెక్టర్. ఇంటర్వ్యూ ఇచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా కెమెరా ఆన్ చేసే ముందే రిలీజ్ ఫామ్ (నన్ను తీసింది సినిమాలో వాడుకోవచ్చని రాసిచ్చే కాగితం) మీద సంతకం తీసుకున్నాం. అయ్యాక అడిగితే కొందరు "ఎందుకు, ఏమిటి" అని వెనక్కి తగ్గుతారు. ముందే అడిగితే మనం ఏం తీస్తున్నామో వాళ్లకి వివరంగా చెప్పే వీలుంటుంది. సాఫీగా అయిపోయింది.

కథాచిత్రం స్క్రిప్ట్ 14 పేజీలు. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క ఉజ్జాయింపే గానీ షెడ్యూల్ వేయడానికి అదే ఆధారం. పేజీని ఎనిమిది భాగాలుగా లెక్కేసి, ఒక్కో సీన్ ఎన్ని భాగాలు వస్తుందో చూసుకుని, కథ వరసలో కాకుండా లొకేషన్ల వరసలో షెడ్యూల్ వేశాను. బడ్జెట్‌లో 10 శాతం అనుకోని ఖర్చులకని పక్కన పెట్టాను. ఆ 10 శాతం మీద డైరెక్టర్ కన్ను మొదటి మీటింగ్ నుంచీ ఉంది, డ్రోన్ షాట్ కోసం. ఇవ్వలేదు. చివరికి సినిమా గట్టెక్కింది ఆ డబ్బుతోనే.

ఎక్విప్‌మెంట్ రూమ్ గురించి ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇచ్చేటప్పుడు "అన్నీ ఉన్నాయమ్మా, తీసుకెళ్లు" అంటారు, బ్యాగ్ తెరిచి చూడనివ్వరు. తిరిగిచ్చేటప్పుడు మాత్రం లెన్స్ క్యాప్ దగ్గర నుంచి వెల్క్రో పట్టీ దాకా లెక్కపెడతారు. కాబట్టి జూనియర్లూ, ఆ రూమ్ చూసుకునే ఆయన ఎంత విసుక్కున్నా సరే, అక్కడే బ్యాగ్ తెరిచి, సీరియల్ నంబర్లతో సహా ఫోటోలు తీసుకోండి. కేబుళ్లు కూడా.

షూటింగ్ బాగానే జరిగింది. ప్రతి లొకేషన్‌లో వెళ్లిపోయే ముందు అందరినీ నోరు మూసుకుని నిలబెట్టి రూమ్ టోన్ (ఆ చోట మామూలుగా ఉండే నిశ్శబ్దపు చప్పుడు) రికార్డ్ చేయించాం. ఫుటేజ్ రెండు వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ అయి, చెక్‌సమ్ (కాపీ అసలుతో అచ్చంగా సరిపోయిందో లేదో చెప్పే లెక్క) సరిపోయాకే మెమరీ కార్డ్ ఫార్మాట్ చేయనిచ్చాను. కెమెరా అబ్బాయి "త్వరగా అక్కా, కార్డు కావాలి" అని గోల పెట్టేవాడు. పెట్టుకోనీ. మా బ్యాచ్‌లో ఇంకో టీమ్ ఒక రాత్రి ఫుటేజ్ మొత్తం పోగొట్టుకుంది. మాది ఒక్క ఫ్రేమ్ కూడా పోలేదు.

అసలు తలనొప్పి ఎడిటింగ్‌లో మొదలైంది.

క్లైమాక్స్‌లో మాటల్లేని సీన్ ఒకటుంది. పాత్ర ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ఎడిటర్, డైరెక్టర్ కలిసి ఆ సీన్ కింద అందరికీ తెలిసిన ఒక హిట్ పాట పెట్టుకుని కట్ చేశారు. టెంప్ మ్యూజిక్ (ఎడిటింగ్ కోసం తాత్కాలికంగా పెట్టుకునేది) అన్నారు, సరే అన్నాను. అందరూ చేసేదే. హక్కులు లేని సంగీతం ఫైనల్ కాపీలో ఉండకూడదని మొదటి ప్రొడక్షన్ మీటింగ్ మినిట్స్‌లో రాసి, అందరి చేతా సంతకం పెట్టించాను కూడా. కానీ వారాల తరబడి అదే పాటతో అదే సీన్ చూస్తుంటే ఆ పాట సినిమాలో పుట్టినట్టే అనిపిస్తుంది. ప్రతి కట్ తాళం మీద పడింది, ఆమె తలుపు మూసేది సరిగ్గా చరణం మొదలయ్యే చోట. ఇక అది టెంప్ కాదు.

రఫ్ కట్ (ఇంకా ఖరారు కాని మొదటి ఎడిట్) క్లాసంతా కూర్చుని చూశాం. చప్పట్లు మోగాయి. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. లైట్లు వేశాక నేను లేచి, "పాట హక్కులు మన దగ్గర లేవు, ఫైనల్‌లో ఇది ఉండదు" అన్నాను. చెప్పాల్సిన చోట చెప్పాను, అంతే. దానికి మా ఫ్యాకల్టీ సార్ ఒకరు అందరి ముందూ నవ్వుతూ, "ప్రొడ్యూసర్ పని సినిమాకి దారి చూపించడమమ్మా, దారికి అడ్డంగా నిలబడటం కాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ వెంటనే, "ఎడ్యుకేషనల్ పర్పస్ కదా, ఎవరూ అడగరు" అని తీర్పు కూడా ఇచ్చేశారు. మా డైరెక్టర్ గారు అటు తిరిగి నవ్వుకుంటున్నారు.

ఆ నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది. అందుకే ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను. మీకూ ఇలాగే ఎవరైనా చెబితే జవాబు చేతిలో ఉంటుంది.

చదువు కోసం వాడితే ఫర్వాలేదన్న మాటలో సగం నిజం ఉంది. క్లాసులో పాఠం కోసం వాడుకోవడానికి చాలా దేశాల చట్టాల్లో మినహాయింపులు ఉన్నాయి. అదే సినిమాని ఫెస్టివల్‌కి పంపినా, ఆన్‌లైన్‌లో పెట్టినా ఆ మినహాయింపు వెంట రాదు. ఇక "30 సెకన్లలోపు అయితే ఫ్రీ" అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు చెబుతాడు. అలాంటి రూలు లేదు. ఎండ్ టైటిల్స్‌లో థ్యాంక్స్ వేస్తే చాలన్నది ఇంకో నమ్మకం. థ్యాంక్స్ మర్యాద, అనుమతి కాదు. లాభం లేకపోయినా అనుమతి అవసరమే.

అన్నిటికన్నా తెలివైన సలహా ఎడిటర్ ఇచ్చాడు. "మన ఫ్రెండ్ చేత పాడించేద్దాం అక్కా, అప్పుడు మనదే కదా!" కాదురా. ఒక పాటలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ ఒకటి, అది రాసినవాళ్లది లేదా వాళ్ల తరఫున ఆ హక్కులు చూసుకునే పబ్లిషర్‌ది. రికార్డింగ్ రెండోది, సాధారణంగా మ్యూజిక్ లేబుల్‌ది. మొదటిదాన్ని బొమ్మకి జతచేయడానికి సింక్ లైసెన్స్ కావాలి, రెండోదానికి మాస్టర్ లైసెన్స్ కావాలి. మనమే పాడుకుంటే రెండోది తప్పుతుంది, మొదటిది తప్పదు. పోనీ బాగా పాత పాట తీసుకుందామా అంటే, కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం రాసినవాళ్లు పోయాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది, చాలా దేశాల్లో 70. ఆ గడువు దాటిన బాణీ అయినా, దాన్ని ఈమధ్య ఎవరైనా రికార్డ్ చేసి ఉంటే ఆ రికార్డింగ్‌కి మళ్లీ వేరే హక్కు.

ఇదంతా చెప్పినా ఎవరూ వినలేదు. "దారి చూపించమన్నారుగా, చూపించు" అన్నాడు డైరెక్టర్. సరే, చూపిద్దామని పబ్లిషర్‌కీ లేబుల్‌కీ మెయిల్స్ పెట్టాను. సినిమా నిడివి ఎంత, పాట ఎన్ని సెకన్లు, ఏ సీన్, ఏ దేశాల్లో చూపిస్తారు, ఎన్నేళ్లు, ఫెస్టివల్సేనా లేక ఆన్‌లైన్ కూడానా, అన్నీ అడిగారు. అన్నీ రాశాను. లేబుల్ వాళ్లు "ముందు పబ్లిషర్ ఒప్పుకోవాలి" అన్నారు. పబ్లిషర్ వాళ్లు "లేబుల్ ఎంత అడిగిందో చెప్పండి" అన్నారు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి. చివరికి ఒకరు ఫెస్టివల్స్‌కి మాత్రమే, అదీ పరిమిత కాలానికి, ఒక రేటు చెప్పారు. అది మా మొత్తం బడ్జెట్ కన్నా ఎక్కువ. పైగా కింద ఒక షరతు: రెండోవాళ్లకి ఎంత ఇస్తే మాకూ అంతే ఇవ్వాలి. దీన్ని మోస్ట్ ఫేవర్డ్ నేషన్స్ అంటారు. ఒకరిని బతిమాలి తగ్గించుకున్నా లాభం లేదు, ఇద్దరూ తగ్గాలి. అంటే ఆ రేటుకి రెట్టింపు చూసుకోవాల్సిందే.

ఆ మెయిల్ టీమ్ గ్రూప్‌లో పెట్టాను. డైరెక్టర్ దాని కిందే, "కొంతమందికి కాగితాలు తప్ప సినిమా కనిపించదు" అని రాశాడు. నేను కూడా ఆ గ్రూప్‌లోనే ఉన్నానన్న స్పృహ కూడా లేదు మహానుభావుడికి. లైకులు కొట్టినవాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. వాళ్లలో ఇద్దరి కాల్ షీట్లు (ఎవరు ఎప్పుడు ఎక్కడికి రావాలో రాసిన కాగితాలు) నేనే తెల్లవార్లూ కూర్చుని మార్చాను, వాళ్ల వేరే పనులకి అడ్డం రాకుండా.

ఆ తర్వాత నేను వాదించలేదు. ఫెస్టివల్ ఎంట్రీ ఫామ్ తెచ్చి డైరెక్టర్ ముందు పెట్టాను. సంగీతంతో సహా సినిమాలోని అన్నిటికీ హక్కులున్నాయని ధ్రువీకరించే చోట సంతకం ఎవరు పెడతారని అడిగాను. "ప్రొడ్యూసర్ నువ్వేగా" అన్నాడు. పెట్టనన్నాను. అతనూ పెట్టలేదు. అదే వారం, టీచర్లకి చూపించడానికి అతను ప్రైవేట్ లింక్‌గా అప్‌లోడ్ చేసిన కట్‌ని సైటు అందులోని పాటని ఆటోమేటిక్‌గా గుర్తుపట్టి ఆపేసింది. ఎవరూ అడగరన్న సార్ లింక్ నొక్కితే వీడియో రాలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను.

అప్పుడు బయటికి తీశాను, డ్రోన్‌కి ఇవ్వని ఆ 10 శాతాన్ని. సంగీతం చదువుతున్న ఒక అమ్మాయితో స్కోర్ (సినిమా కోసం కొత్తగా కట్టే సంగీతం) చేయించాం. ఆమె టెంప్ పాట వినిపించవద్దంది. పాట తీసేసిన సీన్ మాత్రమే చూసింది. చూసి, సగం సీన్‌కి సంగీతమే వద్దు, తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు ఉంచండి అంది. డైరెక్టర్ ముఖం మాడ్చుకున్నాడు గానీ విన్నాక మాట్లాడలేదు. చిక్కల్లా ఏమిటంటే, కట్స్ అన్నీ పాత పాట తాళం మీద ఉన్నాయి కాబట్టి సీన్ మళ్లీ ఎడిట్ చేయాల్సి వచ్చింది. పిక్చర్ లాక్ అయిందని, అంటే ఎడిట్ ఇక మారదని నమ్మి సౌండ్ అబ్బాయి అప్పటికే పని మొదలుపెట్టాడు. అతనికి కొత్త ఫైళ్లు ఇచ్చి, చేసినదంతా మళ్లీ కొత్త కట్‌కి సరిపెట్టమనాల్సి వచ్చింది. అతను నన్ను తిట్టాడు. నన్నే ఎందుకు తిట్టాలో ఇప్పటికీ తెలియదు. ప్రొడ్యూసర్‌ని కాబట్టి, అంతే.

అగ్రిమెంట్ ఒకటిన్నర పేజీ. బాణీ హక్కు ఆమెదే. మా సినిమాలో, దాని ట్రైలర్‌లో, అన్ని మాధ్యమాల్లో, అన్ని దేశాల్లో, కాలపరిమితి లేకుండా వాడుకునే అనుమతి మాది. రికార్డింగ్‌లో వయొలిన్ వాయించిన అతని దగ్గర కూడా విడిగా ఒక సంతకం తీసుకున్నాను. ఇది చాలామంది మర్చిపోతారు. కంపోజర్ ఒప్పుకుంటే సరిపోదు, వాయించినవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

మిగతావి త్వరగా అయిపోయాయి. థియేటర్‌కి డీసీపీ (అక్కడ వేసే డిజిటల్ కాపీ) చేయించేటప్పుడు ఇబ్బంది పడకూడదంటే మొదటి రోజే సెకనుకి 24 ఫ్రేముల్లో షూట్ చేయండి. చేశాక పెద్ద తెర మీద మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడండి, ల్యాప్‌టాప్‌లో కాదు. మాటలు సెంటర్ స్పీకర్ నుంచి వస్తున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ డైరెక్టర్‌ని, కెమెరామన్‌ని, ఎడిటర్‌ని చాలాసేపు అడిగి, చివరికి నా వైపు తిరిగి, "ఇంతకీ మీరేం చేశారమ్మా, ఏర్పాట్లు చూసుకున్నారా?" అన్నారు. ఫైలు ఆయన ముందు పెట్టాను. ఊరికే తిప్పుతున్న మనిషి మ్యూజిక్ అగ్రిమెంట్ దగ్గర ఆగి, వాయించినవాళ్ల అనుమతి సంగతి ఏమిటని అడిగారు. తర్వాతి పేజీ తిప్పమన్నాను. తిప్పి, చదివి, దీని కాపీ ఒకటి డిపార్ట్‌మెంట్‌లో ఉంచమన్నారు, వచ్చే బ్యాచ్‌కి పనికొస్తుందట. పక్కనే కూర్చున్న మన సార్, అదేదో తను నేర్పించినట్టు తలూపారు. డైరెక్టర్ ఆ సాయంత్రమే ఫోన్ చేసి తర్వాతి సినిమాకి కూడా నన్నే ప్రొడ్యూసర్‌గా ఉండమన్నాడు. గ్రూప్‌లో పెట్టిన ఆ మాట ఇంకా అక్కడే ఉంది, ముందు దానికి సంజాయిషీ చెప్పమన్నాను. ఆలోచిస్తున్నాడట.

ఇక మిగిలింది ఎక్విప్‌మెంట్ రూమ్ నుంచి క్లియరెన్స్ సంతకం. ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైక్‌కి వాడేది) రాలేదని ఆపేశారు. అది తిరిగిచ్చినట్టు ఆ రూమ్ ఆయన తన చేత్తోనే రాసిన రసీదు నా ఫైల్లో ఉంది. రేపు దాని జిరాక్స్ తీసుకెళ్తున్నాను, ఒరిజినల్ మాత్రం ఇవ్వను.