ట్యూబులో తీగ పెడితే ట్యూబు పాడవుతుందా?

"రెండు ట్యూబులూ మూసుకుపోయాయి" అన్న హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి డై, అంటే ఎక్స్‌రేలో కనిపించే మందు, ఎక్కించి అండం వచ్చే ట్యూబులు తెరిచున్నాయో లేదో చూసే పరీక్ష) రిపోర్టు పట్టుకుని శ్రీకాకుళం నుంచి విశాఖ బస్సెక్కే ముందు ఒక సంగతి తెలుసుకోండి. గర్భసంచి మూలలో, ట్యూబు మొదలయ్యే చోట కనిపించే బ్లాకు ఒక్కోసారి అసలు బ్లాకే కాదు. డై ఎక్కించేటప్పుడు కండరం బిగుసుకున్నా, చిక్కటి జిగురు అడ్డుపడ్డా ఎక్స్‌రేలో అలాగే కనిపిస్తుంది. సన్నని తీగ పంపి ట్యూబు దారి తెరిచే ట్యూబు కాన్యులేషన్ బాగా పనికొచ్చేది ఇలాంటి వాళ్లకే. చివర మూసుకుని నీరు పట్టిన ట్యూబుకి దీనివల్ల లాభం లేదు.

గర్భసంచి గోడలోంచి వెళ్లే చోట ట్యూబు రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు ఒక కాథెటర్‌ని (సన్నని గొట్టాన్ని) ఆ మూలకి ఆనించి డై వదులుతారు. కొందరికి ఆ ఒత్తిడికే దారి తెరుచుకుంటుంది. లేకపోతే సన్నని 3 ఫ్రెంచ్ (ఒక మిల్లీమీటరు మందం) కాథెటర్‌లోంచి మెత్తని కొన ఉన్న 0.018 అంగుళాల తీగ, అంటే అర మిల్లీమీటరు లోపుది, పంపి ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తారు. కొన వంగిపోతూ ముందుకి కదలకపోతే అక్కడితో ఆగాలి. బలవంతంగా నెడితే లోపొర చీలవచ్చు, గోడకి చిల్లు పడవచ్చు. డై సన్నని గీతలా సాగకుండా మచ్చలా కండరంలోకి పాకిందంటే తీగ దారి తప్పినట్టే. తీగ సన్నం కాబట్టి ఆ చిల్లు చాలావరకు దానంతటదే మానుతుంది, కానీ ఆ వైపు పని ఆపేయాలి. "కుదరలేదమ్మా" అని ఆగిన డాక్టరు మీ మేలు కోరినట్టే.

తీగకన్నా భయపడాల్సింది టీబీకి, ఇన్‌ఫెక్షన్‌కి. టీబీతో గట్టిపడ్డ ట్యూబు తెరుచుకోదు, నెడితే చిరుగుతుంది. ఎప్పుడో టీబీ మందులు వాడి ఉంటే, అత్తింటివాళ్లు పక్కనున్నా సరే, డాక్టరుకి చెప్పేయండి. నెలసరి మొదలైన 6 నుంచి 11 రోజుల మధ్య, గర్భం లేదని తేల్చుకున్నాకే చేయించుకోవాలి. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దు. ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తం మరకలు మామూలే. జ్వరం, వాసనతో తెల్లబట్ట, పెరుగుతున్న పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి.

తెరిచిన ట్యూబు కొన్ని నెలల్లో మళ్లీ మూసుకోవచ్చు, అందుకే గర్భం కోసం ప్రయత్నం వాయిదా వేయకండి. గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదమూ ఉంది. నెల తప్పగానే బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) రక్తపరీక్ష, చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఆరో వారంలో లోపలి (యోని ద్వారా చేసే) స్కాన్ చేయించుకోండి. పలాస, ఇచ్ఛాపురం వైపు వాళ్లకి ఇది మరీ ముఖ్యం, పెద్దాసుపత్రి చేరడానికి సమయం పడుతుంది. ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజంలో పోటు వస్తే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.