ఆ తెల్ల మాత్ర పేరేమిటి?

2021లో కరోనా వచ్చి నేను గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక నర్సమ్మ రోజుకు రెండుసార్లు ఫోను చేసేది. మొదటి రోజు "ఎలా ఉన్నారు బాబాయిగారూ?" అని అడిగింది. "బాగానే ఉన్నానమ్మా" అన్నాను. అప్పటికి జ్వరం 101. అరవై తొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

మరునాడు ఆవిడ ఆ ప్రశ్న మానేసింది. "బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అంది.

"తెల్లది. చిన్నది."

ఆఫీసులో ఏ ఫైలు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. పదకొండేళ్లుగా మింగుతున్న మాత్ర పేరు మాత్రం తెలియదు. అది నా భార్యకు తెలుసు. ఆవిడ పోయాక, ఖాళీ అట్ట తీసుకెళ్లి మందుల షాపులో చూపించి తెచ్చుకునేవాణ్ని. ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని, అట్ట వెనక సన్న అక్షరాలను పాఠం అప్పజెప్పినట్టు ఫోనులో చదివాను: ఆమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములు.

తర్వాత నోటుబుక్కులో గళ్లు గీయించింది: సమయం, జ్వరం, నాడి, ఆక్సిజన్. ఆక్సీమీటరు మొదటిసారి 89 చూపిస్తే నా ప్రాణాలు పైకే పోయాయి. "వేళ్లు చల్లగా ఉన్నాయా? బాగా రుద్దుకుని, చెయ్యి కదపకుండా ఒక నిమిషం ఆగి చూడండి" అంది. 96. ఎవరో పంపిన సందేశం చదివి స్టెరాయిడ్ మొదలుపెడతానంటే మాత్రం గట్టిగానే కోప్పడింది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకే అది మేలు చేస్తుందట. నాకు ఆ స్థితిలో షుగరు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదంది.

ఆరో రోజు నిజంగానే బాగున్నాను. ఆక్సిజన్ 95, ఆయాసం లేదు. అయినా ఆవిడ వదల్లేదు. ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూడమంది. ఈ గోడ నుంచి ఆ గోడకు, లోలోపల విసుక్కుంటూ నడిచాను. 91. అప్పటికీ ఆయాసం లేదు! ఈ జబ్బులో ఊపిరి బాగానే ఆడుతున్నట్టు ఉంటూనే ఆక్సిజన్ పడిపోతుందట. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరాను. తొమ్మిది రోజులు. అందులో సగం బోర్లా పడుకునే గడిచింది.

మొన్న మా అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని తెలిసి ఫోను చేశాను. బాగానే ఉన్నానన్నాడు. "బీపీ మాత్ర పేరేమిటి?" అని అడిగాను.

"మీ వదిన పడుకుంది. లేచాక అడిగి చెబుతాలే" అన్నాడు.