సెల్టా చేశాను, నోరు మూసుకోవడం నేర్చుకున్నాను

పదకొండేళ్ళుగా స్కూల్లో ఇంగ్లీషు చెప్తున్నాను. మా విజయనగరం వైపు ప్రైవేటు స్కూళ్ళలో ఇంగ్లీషు టీచరు ఏం చేస్తుందో మీకు తెలిసిందే, ఒక వాక్యం చదవడం, దానికి తెలుగులో అర్థం చెప్పడం, ఇంకో వాక్యం చదవడం, మధ్యలో బోర్డు మీద మీనింగ్స్, చివర్లో కొశ్చన్ ఆన్సర్లు రాయించడం. నాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను, పిల్లలకి మార్కులూ వచ్చాయి. ఒకరోజు బస్టాండులో నా పాత స్టూడెంట్ కనబడింది. ఇంగ్లీషులో తొంభై పైన తెచ్చుకున్న పిల్ల. "కాలేజీలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పమంటే మై నేమ్ ఈజ్ దగ్గరే ఆగిపోయా మేడమ్" అంది, నవ్వుతూనే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సెల్టా అంటే ఇంగ్లీషు రానివాళ్ళకి ఇంగ్లీషు నేర్పే టీచర్ల కోసం కేంబ్రిడ్జ్ వాళ్ళిచ్చే సర్టిఫికెట్. కనీసం 120 గంటల కోర్సు, నాలుగు రాత అసైన్‌మెంట్లు, అనుభవం ఉన్న టీచర్ల క్లాసులు ఆరు గంటలు చూడటం, అన్నిటికంటే ముఖ్యంగా నిజమైన విద్యార్థులకి మనం ఆరు గంటలు క్లాసు చెప్పడం, అది ట్యూటరు, తోటి ట్రైనీలు కూర్చుని చూస్తుండగా. నేను ఆన్‌లైన్‌లో, సాయంత్రాలు ఉండే బ్యాచ్‌లో చేరాను. ఫీజు లక్ష దాటింది. చీటీ పాడి కట్టాను, ఆ సంగతి మా ఆయనకి తర్వాత చెప్పాను.

కోర్సులో చేర్చుకునే ముందు చేసే ఇంటర్వ్యూకి ధైర్యంగానే ఉన్నాను. ఎందుకంటే బీఈడీలో ఈ పద్ధతులన్నీ చదివినదాన్నే కదా. గ్రామర్ ట్రాన్స్‌లేషన్ మెథడ్, డైరెక్ట్ మెథడ్, స్ట్రక్చరల్ అప్రోచ్, కమ్యూనికేటివ్ అప్రోచ్, ఒక్కోదానికి మెరిట్స్ ఆరు, డీమెరిట్స్ ఆరు, పది మార్కుల ప్రశ్న. డైరెక్ట్ మెథడ్ అంటే మాతృభాష వాడకుండా నేర్పడం, దాని గొప్పతనం గురించి నేను రాసిన జవాబు తెలుగులో అర్థం చెప్పించుకుని బట్టీ పట్టిందే. అందులో తమాషా ఏముందో అప్పుడు తట్టలేదు.

కోర్సు రెండో రోజు మా ట్యూటరు (ఇస్తాంబుల్‌లో ఉంటుంది) ఇంగ్లీషు ఒక్క ముక్క లేకుండా ఇరవై నిమిషాలు టర్కిష్ నేర్పింది. ఆపిల్ చూపించి "ఎల్మా" అంది, మూడుసార్లు మాతో అనిపించింది. నీళ్ళ గ్లాసు చూపించి "సు". తర్వాత "బు నే?" అంటూ ఒక్కొక్కటి పైకెత్తింది, అంటే "ఇదేంటి?" అని అడుగుతోందని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఎవరైనా తప్పు పలికితే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆగేది, అంతే, సరిదిద్దేది కాదు, వాళ్ళే సరిచేసుకునేదాకా చూసేది. ఆ ఇరవై నిమిషాల్లో నాకు చెమటలు పట్టాయి, సిగ్గేసింది, పేరు పిలుస్తుందేమోనని కెమెరా ఆపేద్దామనిపించింది. ఆరో తరగతి పిల్లలకి మొదటి నెలంతా ఇలాగే ఉంటుంది కాబోలు. అయినా ఎల్మా, సు, బు నే ఇప్పటికీ మర్చిపోలేదు.

నా మొదటి క్లాసు ప్రెజెంట్ పర్ఫెక్ట్ మీద. నలభై ఐదు నిమిషాలు. వియత్నాం, బ్రెజిల్, టర్కీల నుంచి తొమ్మిది మంది. నాకు బాగా వచ్చిన పాఠం, టైమ్‌లైన్ గీశాను, హావ్, హాజ్ చెప్పాను, యెస్టర్డే వస్తే ఎందుకు వాడకూడదో చెప్పాను, ఉదాహరణలిచ్చాను, "డూ యూ అండర్‌స్టాండ్?" అని అడిగితే అందరూ తలూపారు. బ్రహ్మాండంగా చెప్పాననుకున్నాను. ఫీడ్‌బ్యాక్‌లో ట్యూటరు ఒక కాగితం చూపించింది, అందులో నిమిషాల లెక్క ఉంది. ముప్ఫై రెండు నిమిషాలు నేనే మాట్లాడాను. తొమ్మిది మందికి కలిపి మిగిలింది పదమూడు. బ్రెజిల్ ఆవిడ క్లాసు మొత్తంలో రెండు వాక్యాలు చెప్పింది, ఒకటి గుడీవినింగ్. కింద "నాట్ టు స్టాండర్డ్" అని రాసి ఉంది.

ఆ రాత్రి బాగా ఏడ్చాను, దాచుకోవడం దేనికి. కోపం కూడా వచ్చింది. పాఠం చెప్పడమంటే మన దగ్గర విడమర్చి చెప్పడమే కదా. "ఆ మేష్టారు ఎంత బాగా చెప్తాడో" అంటాం గానీ "ఎంత బాగా ఊరుకుంటాడో" అని ఎవరినీ మెచ్చుకోము.

తలూపడం అర్థమైనట్టు కాదన్నది సెల్టా వాళ్ళ మొదటి సూత్రం. అర్థమైందా అని అడక్కుండా, అర్థమైతే తప్ప జవాబు చెప్పలేని చిన్న ప్రశ్నలు అడగాలి, వాటిని సీసీక్యూలంటారు (కాన్సెప్ట్ చెకింగ్ కొశ్చన్లు). "హీ యూస్డ్ టు స్మోక్" చెప్పామనుకోండి. ఇప్పుడు కాలుస్తున్నాడా? లేదు. ఇదివరకు కాల్చాడా? ఆఁ. ఒక్కసారేనా, చాలాసార్లా? చాలాసార్లు. అయిపోయింది. ఇంత చిన్నవి రాయడానికి నాకు ఒక్కో లెసన్ ప్లాన్‌కి గంటన్నర పట్టేది. ఇక్కడే నాకొక గొడవ ఉంది, కోర్సులో చెప్పాను కూడా. మాతృభాష అస్సలు వాడకుండా క్లాసు నడపడం, నానా దేశాల వాళ్ళు కలిసి కూర్చునే చోట తప్పనిసరి. నలభై మందీ తెలుగువాళ్ళే ఉన్న నా క్లాసులో మూడు ప్రశ్నలెందుకు? "కాల్చాడు" కాదర్రా, "కాల్చేవాడు" అంటే చాలు, రెండు క్షణాల్లో వెలుగుతుంది. మనకి ఆ రూపం రెడీగా ఉంది. ట్యూటరు కాదనలేదు. "తర్వాత మిగిలిన నలభై నాలుగు నిమిషాలు ఏం చేస్తావు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు లేక ఊరుకున్నాను.

మూడో క్లాసు నుంచి కంప్యూటరు పక్కన కాగితం మీద ఒకే మాట రాసి పెట్టుకున్నాను: ఆగు. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టాలి. ఐదంటే ఎంత పొడుగో అప్పుడు తెలిసింది, మూడుకే నా నోరు తెరుచుకునేది. ఇద్దరిద్దర్ని బ్రేకౌట్ రూముల్లోకి (ఆన్‌లైన్ క్లాసులోనే విడి గదులు) పంపి, నేను మైకు ఆపేసి వింటూ, వాళ్ళ తప్పులు కాగితం మీద రాసుకుని చివర్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టడం అలవాటైంది. మా అత్తయ్య రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి చూసి మూడోరోజు అడిగేసింది, "ఏమ్మా, లక్ష కట్టింది నువ్వు, మాట్లాడేది వాళ్ళా?"

అసైన్‌మెంట్లు వెయ్యి పదాల్లోపే గానీ బుర్ర తినేస్తాయి, తప్పితే ఒక్కోదానికి ఇంకొక్క అవకాశమే. నాకు నచ్చింది ఒక విద్యార్థిని దగ్గరగా గమనించి రాసేది. టర్కీ ఆవిడని ఎంచుకున్నాను. ఆవిడ "ది" వదిలేస్తుంది, వాళ్ళ భాషలో లేదు, మనకీ లేదు. క్రియ చివరికి పోతుంది, మనకీ అంతే. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌దె అంటే ఇంట్లో, ప్రత్యయం మనలాగే వెనక అతుక్కుంటుంది. ఆవిడ తప్పుల జాబితా రాస్తుంటే మా ఏడో తరగతి నోటుబుక్కులు దిద్దుతున్నట్టే ఉంది.

ఆ అసైన్‌మెంట్ కోసం చదువుతుంటేనే ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు దగ్గరికొచ్చాను. బీఈడీలో ఈ పేరు విన్నట్టు గుర్తు లేదు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు స్కూళ్ళలో ఆయన బృందం గ్రామర్ సిలబస్ పక్కన పెట్టి, రైళ్ళ టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి పిల్లల ముందు పెట్టి, ఈ బండి ఎక్కితే ఎన్నింటికి దిగుతావు అని లెక్క తేల్చమంది. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాష లోపలికి పోతుందని ఆయన వాదన. టాస్కులతో బోధించడం గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా ఈ ప్రయోగం ప్రస్తావన వస్తుంది, మన పక్కనే జరిగింది, నేను కేంబ్రిడ్జ్‌కి డబ్బు కట్టి తెలుసుకున్నాను. అన్నిటికన్నా గొప్ప పద్ధతంటూ ఒకటి లేదు, టీచరుకి తను చేసేది లోపల నిజమనిపించాలి అని 1990లో ఆయనే రాశాడు. విజయనగరం పాసింజరు టైమింగులతో నేను చేసిన ఆరో క్లాసుకి మొదటిసారి "అబవ్ స్టాండర్డ్" వచ్చింది.

మొత్తం మీద పాస్ అయ్యాను. పైన పాస్ బి, పాస్ ఏ ఉంటాయి, నాకు రాలేదు. మొదటి రెండు క్లాసులే ముంచాయి. ఎవరైనా చేద్దామనుకుంటే ఉద్యోగానికి సెలవు పెట్టుకోండి, నేను పెట్టక రాత్రి రెండింటిదాకా ప్లాన్లు రాసి పొద్దున్నే స్కూల్లో తూలేదాన్ని.

స్కూల్లో ఏమైందంటారా, మొదటి వారమే ప్రిన్సిపాల్ సార్ తలుపు తీసి "టీచరు లేరా?" అన్నారు. ఇరవై జంటలు ఒకేసారి మాట్లాడుతుంటే క్లాసు సంతలాగే ఉంటుంది మరి, నేనేమో వెనక బెంచీ దగ్గర వంగి వింటున్నాను. రెండో వారం పేరెంట్స్ వచ్చారు, నోట్సు ఖాళీగా ఉందని. చివరి పది నిమిషాలు నోట్సు రాయించడానికి ఒప్పుకున్నాను.

సోమవారం ఎనిమిదో తరగతికి పాసివ్ వాయిస్. "రావణుడు రామునిచేత చంపబడెను" అని బోర్డు మీద రాసి బాణాలు గీయడం పదకొండేళ్ళ అలవాటు, కానీ తెలుగులో ఎవడంటాడు అలా? "రామప్ప గుడి పదమూడో శతాబ్దంలో కట్టారు" అంటాం, ఎవరు కట్టారో చెప్పం, ఆ "కట్టారు"లోనే ఇంగ్లీషు వాడి "వాజ్ బిల్ట్" ఉంది. అక్కడ మొదలుపెడదామనుకుంటున్నాను. గుడి ఫొటో చూపించి మొదట ఏం అడగాలన్నది ఇంకా తేలలేదు.