ఒనేసిము తప్పేమిటో పౌలు రాయలేదు

బైబిల్లోని ఫిలేమోను పత్రిక, దాసుడైన ఒనేసిమును తిరిగి చేర్చుకోమని అతని యజమాని ఫిలేమోనుకు అపొస్తలుడు పౌలు చెరలో నుంచి రాసిన చిన్న ఉత్తరం. దాని మీద ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఒకచోట చిరాకేస్తుంది. "ఒనేసిము యజమాని సొమ్ము దొంగిలించి పారిపోయాడు" అనే మొదలుపెడతారు. ఆ సొమ్ము ఎలా తగలేశాడో కళ్లకు కట్టినట్టు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు! ఉన్నవి 25 వచనాలు. తీసి చదవండి, దొంగతనం అన్న మాట ఎక్కడుంది? "అతడు నీకు ఏ నష్టమైనను కలుగజేసిన యెడలను, నీకు ఏమైన ఋణమున్న యెడలను, అది నా లెక్కలో చేర్చుము" అని 18వ వచనం. అంతే. జరిగిందేమిటో ఇంటి యజమానికి తెలుసు, ఒనేసిముకు తెలుసు. పౌలు మాత్రం దాన్ని కాగితం మీద పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో రెండో వచనం చూస్తే నాకు అర్థమవుతుంది. ఇది ఫిలేమోను ఒక్కడికే రాసిన ఉత్తరం కాదు. అప్ఫియకు, అర్ఖిప్పుకు, ఆ ఇంట్లో కూడుకునే సంఘానికి కూడా. అంటే అందరి ముందూ పైకి చదివే ఉత్తరం. తప్పు పేరు పెట్టి రాసి ఉంటే, ఆ ఇంట్లో చిన్నపిల్లలు సైతం అతన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. అతన్ని పిలవడానికి పౌలు వాళ్లకు వేరే పేర్లు ఇచ్చాడు. నా బంధకములలో నేను కనిన నా కుమారుడు. ప్రియ సహోదరుడు. ఇంకా తెగించి, నన్ను చేర్చుకున్నట్టే అతన్ని చేర్చుకో అన్నాడు.

తర్వాతి మాట దగ్గర నేను ఆగిపోతాను. "పౌలను నేను నా స్వహస్తముతో ఈ మాట వ్రాయుచున్నాను, అది నేనే తీర్తును." మన ఊళ్లలో ప్రోనోటు మీద జామీను సంతకం పెట్టినవాళ్లకు ఈ వచనం విడమరిచి చెప్పనక్కర్లేదు. మా నాన్నగారు ఒక దూరపు చుట్టానికి అలా పెట్టారు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా చుట్టం సంతకం, దాని కింద నాన్నగారిది. గడువు దాటాక అప్పులవాడు వచ్చింది మా ఇంటికే. అమ్మ ఎంత గొడవపడినా ఆయన ఒకటే మాట: "సంతకం నాది కదే." ఆ చుట్టం పేరెత్తి తిట్టగా నేను వినలేదు. పౌలు సంగతి ఇంకా విచిత్రం. సంకెళ్లలో ఉన్నాడు, చేతిలో రూపాయి లేదు. ఏ ధైర్యంతో పెట్టాడు ఆ సంతకం?

తన అప్పుపత్రం ఎవరు తీర్చారో తెలిసినవాడు గనుక పెట్టాడు. కొలొస్సయుల పత్రిక నాలుగో అధ్యాయం చూడండి: పౌలు పంపిన తుకికుతో కలిసి, ఫిలేమోను ఉండే కొలొస్సయికి వస్తున్నది ఈ ఒనేసిమే, నమ్మకమైన ప్రియ సహోదరుడు అన్న పరిచయంతో. ఇక రెండో అధ్యాయం 14వ వచనంలో ఏముంది? మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని "మేకులతో సిలువకు కొట్టి", దాని మీది "చేవ్రాతను" తుడిచేశాడని! అది విని హల్లెలూయ అన్న కొలొస్సయి చెవులే "అది నా లెక్కలో చేర్చుము" అన్న మాటా వినాలి. నీ పత్రం సిలువ మీద ఉంది ఫిలేమోనూ, మరి ఒనేసిము పద్దు ఇంకా నీ పెట్టెలో ఎందుకుంది?

మన దగ్గరికి వద్దాం. "పాతవి గతించెను" అన్న వాక్యం లేని క్రైస్తవ క్యాలెండరు ఉండదు. దాని కిందే కూర్చుని మనం చేసేదేమిటి? తాగుడు మానేసి, బాప్తిస్మం తీసుకుని ఏళ్లు గడిచిన అన్నయ్యను ప్రతి కూడికలోనూ లేపి "నీ పాత జీవితం చెప్పు బ్రదర్" అంటాం. పాపం, తల దించుకుని అదే కథ మళ్లీ చెబుతాడు. కానుకల సంచిలో లెక్క తేడా వస్తే ముందు చూపు పోయేదీ ఆయన మీదికే. క్షమించామంటాం. పద్దు మాత్రం చింపం.

ఇక కులం సంగతి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు నీళ్లలోకి దిగలేదు, ఇద్దరిద్దరు చొప్పున మన తెలుగు బోధకులే ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు వాళ్లను పాత పేరుతోనే పిలిచిందంటే ఊరికి వాక్యం తెలియదు, పోనీ అనుకోవచ్చు. వాక్యం తెలిసిన మనం పిల్లకు సంబంధం చూస్తూ "క్రైస్తవులే, సరే, ఏ క్రైస్తవులు?" అని అడగటానికి ఏం చెప్పుకుంటాం? ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర, పెళ్లి మాట రాగానే వేరే పీట! ఒనేసిము ప్రభువు విషయంలో సహోదరుడు అని మాత్రమే రాసి పౌలు ఊరుకోలేదు. శరీర విషయంలో కూడా అని రాశాడు, ఫిలేమోను పత్రిక 16వ వచనంలో.

పాత పేరు మోస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. అన్నా, చెల్లీ, నిన్ను లేపి పాత కథ అడిగితే, యేసయ్య నాకేం చేశాడో చెబుతాను, మిగతాది ఆయన లెక్కలో ఉంది అని చెప్పి కూర్చో. అది అవిధేయత కాదు.

సంఘ పెద్దలారా, 22వ వచనం వదిలేయకండి. నా కోసం బస సిద్ధం చేయమంటున్నాడు పౌలు, మీ దగ్గరికి రాగలనన్న ఆశతో. వస్తే ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటాడు. ఒనేసిము ఎక్కడ కూర్చున్నాడో చూస్తాడు కదా.