ఓబర్లిన్ మ్యూజియంలో చీటీలు చదివిన రోజు

మొదటిసారి వెళ్లినప్పుడు తలుపులు మూసి ఉన్నాయి. సోమవారం మ్యూజియానికి సెలవని చూసుకోకుండా బయల్దేరిన తప్పు మాదే. ఆ రోజు అమెరికాలో లేబర్ డే సెలవు కాబట్టి మా అబ్బాయికి ఆఫీసు లేదు. క్లీవ్‌లాండ్ నుంచి కార్లో ఎంతో దూరం కాదని పులిహోర డబ్బా కట్టుకుని వచ్చేశాం. ట్యాపన్ స్క్వేర్ చెట్ల కింద కూర్చుని అది తినేసి, అలెన్ మెమోరియల్ ఆర్ట్ మ్యూజియాన్ని బయట నుంచే చూసి ఇంటిదారి పట్టాం. ఊరు చూస్తే మన మండల కేంద్రమంత ఉంటుంది. ఇక్కడ మ్యూజియం ఏముంటుందిలే అనుకున్నాను కూడా.

ఆ శనివారం మళ్లీ వెళ్లాం. మ్యూజియం ఓబర్లిన్ కాలేజీదే. మా మేనకోడలు ఆ కాలేజీలోనే చదువుతోంది, గుమ్మం దగ్గరే కలిసింది. టికెట్ లేదు, ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు.

నేను ట్రెజరీలో ముప్పై ఏళ్లు రిజిస్టర్లు చూసినవాణ్ణి. బొమ్మ కన్నా ముందు పక్కనున్న చీటీ మీదకు పోతుంది చూపు. మన గుళ్లో ఫ్యాన్ రెక్క మీద దాత పేరు రాసినట్టే, ఇక్కడ ప్రతి చీటీలోనూ ఆ బొమ్మ ఎవరిచ్చారో, ఏ నిధితో కొన్నారో ఉంటుంది. కింద ఓ నంబరు. అందులో మొదటి నాలుగు అంకెలు ఆ వస్తువు మ్యూజియానికి వచ్చిన సంవత్సరం. ఇది పట్టుకున్నాక ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. ఏ గదిలోకి వెళ్లినా ముందు నంబరే.

జర్మన్ చిత్రకారుడు కిర్ష్‌నర్ సైనికుడి వేషంలో గీసుకున్న తన బొమ్మ దగ్గర 1950 అని ఉంది. గీసింది 1915లో. నోట్లో సిగరెట్, కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి నెత్తురోడుతూ ఉంటుంది. నిజానికి ఆయన చేతికి ఏమీ కాలేదు. యుద్ధం తనను బొమ్మలు గీయలేనివాణ్ణి చేస్తుందన్న భయమే అలా వచ్చింది. ఆ తర్వాత నాజీలు దీన్ని జర్మనీలోని మ్యూజియం నుంచి లాక్కుని, 1937లో ‘దిగజారిన కళ’ అంటూ పెట్టిన ప్రదర్శనలో వేలాడదీశారు. అక్కణ్ణుంచి ఒహాయోలోని ఈ చిన్న ఊరికి!

జపాన్ చెక్క అచ్చు బొమ్మల దగ్గరా అదే 1950. మేరీ ఎయిన్స్‌వర్త్ అనే ఆవిడ 1889లో ఇక్కడ చదువు ముగించి, 1906లో జపాన్ వెళ్లినప్పుడు వీటిని కొనడం మొదలుపెట్టిందట. పోతూపోతూ 1,500కు పైగా బొమ్మలు తన కాలేజీకి రాసిచ్చింది. నేను చూసినవి మాత్రం నాలుగైదే. వెలుతురు తగిలితే ఆ రంగులు వెలిసిపోతాయి, అందుకే కొన్నాళ్లు గోడ మీద ఉంచి మళ్లీ చీకట్లో పెట్టేస్తారు. ఇక్కడ ప్రదర్శనలు మారుతూ ఉండడానికి కాలేజీ సెమిస్టర్లు ఒక కారణమైతే, ఇదొకటి.

1977లో ఆర్కిటెక్ట్ వెంచూరి వాళ్లు కట్టిన కొత్త భాగం బయటి మూలలో, కార్టూన్‌లో గీసినట్టు పొట్టిగా, లావుగా ఓ చెక్క స్తంభం ఉంది. మా అబ్బాయి దానితో సెల్ఫీ దిగాడు. నాకు నచ్చలేదు.

శిల్పి ఈవా హెస్ చేసిన ‘లావొకూన్’ కూడా మొదట నచ్చలేదు. నిచ్చెనలాంటి చట్రం నిండా బూడిదరంగు తాళ్లు వేలాడుతుంటాయి, అంతే. కానీ చీటీ కథ చెప్పింది. 1970లో, హెస్ ముప్పై నాలుగేళ్లకే చనిపోయిన ఏడాది, దీన్ని కొన్నారు. ఆమె శిల్పాన్ని కొన్న మొదటి మ్యూజియం ఇదే. 1977లో హెస్ అక్క తన చెల్లెలి డైరీలూ కాగితాలూ అన్నీ తెచ్చి ఇక్కడే ఇచ్చింది. ముందు నమ్మినవాళ్లకే కదా ఇంట్లోవాళ్లు ఇస్తారు!

అన్నీ వచ్చేవే కావు, పోయేవీ ఉంటాయి. ఆస్ట్రియా చిత్రకారుడు షీలె గీసిన ‘నల్లజుట్టు అమ్మాయి’ని 2023లో వదులుకున్నారు. అది వియన్నా హాస్యనటుడు గ్రూన్‌బామ్ దగ్గర నాజీలు లాక్కున్న సొత్తు. ఆయన 1941లో నాజీల డాఖావ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు, బొమ్మ వారసులకు చేరింది. అది కొట్టివేత కాదు, అసలు హక్కుదారుకు చెల్లింపు. మా ట్రెజరీ భాషలో.

"మావయ్యా, అసలుది నా రూంలో ఉంది, రా" అంది మేనకోడలు. ఎలెన్ జాన్సన్ అనే ఆవిడ, తర్వాత ఇక్కడే ప్రొఫెసర్ అయింది, 1940లో ఓ పద్ధతి పెట్టింది. విద్యార్థులు అసలు బొమ్మల్ని, పికాసో, షగాల్ వాళ్లవి సహా, సెమిస్టర్‌కు అద్దెకు తీసుకుని గదిలో తగిలించుకోవచ్చు. చాలా ఏళ్లపాటు అద్దె ఐదు డాలర్లే. దానికోసం పిల్లలు రాత్రంతా మ్యూజియం ముందు టెంట్లు వేసుకుని పడుకుంటారు.

మా రాజమండ్రిలో దామెర్ల రామారావు చేతిలో ఏముందో గుర్తించింది కూడా కాలేజీ ప్రిన్సిపాలే, కూల్డ్రే దొర. కానీ దామెర్ల బొమ్మను హాస్టల్ గదికి పట్టుకెళ్లమంటే మనకు గుండె ఆగుతుంది.

మేనకోడలికి పికాసో దక్కలేదు, లైన్లో ముందున్నవాళ్లు ఎగరేసుకుపోయారు. మంచం పక్కన చీకటి చెట్లున్న ఓ చిన్న ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీసి తీసిన అచ్చు బొమ్మ, ఉంది. "ఎవరిదో నాకూ తెలీదు, రాత్రి లైటార్పాక బాగుంటుంది" అంది. టీ పెడతానని కెటిల్ అందుకుని, ఒక్క క్షణం ఆగి, దాన్ని కిటికీ దగ్గరి బల్ల మీదకు తీసుకెళ్లింది.

"ఆవిరి తగులుతుంది మావయ్యా."