ధైర్యం కోసం అడిగినవాళ్ల ఊళ్లలో: పాలమూరు నుంచి నల్లగొండ దాకా

షంషాబాద్ అనగానే ఇప్పుడు అందరికీ విమానాశ్రయమే గుర్తొస్తుంది. మా పెద్దమ్మకు మాత్రం డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఆ డాక్టరమ్మ పేరు కాథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, అమెరికాలో పెరిగి, 1907లో మెనొనైట్ బ్రెదరన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. భాష రాదు, ఎండ అలవాటు లేదు. వచ్చిన మనిషి మళ్లీ తన దేశంలో స్థిరపడలేదు, 1945లో ఈ షంషాబాద్‌లోనే కన్నుమూసింది. పెద్దమ్మ ఆమెను చూడలేదు. వాళ్లమ్మ చెబితే విన్నది. అయినా బస్సు షంషాబాద్ దాటేదాకా ఆ డాక్టరమ్మ సంగతులే చెప్పింది, సొంత మనిషి గురించి చెప్పినట్టే.

ఈ ప్రయాణానికి కారణం మా సంఘంలోని పిల్లలు. హైదరాబాద్‌లో మా చర్చి యూత్ కూడికలు నేను చూస్తుంటాను. ఇంజినీరింగ్ చదివేవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు వస్తారు. ఆదివారం పాటలు బ్రహ్మాండంగా పాడతారు. సోమవారం క్యాంటీన్‌లో ప్లేటు ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయాలంటే మాత్రం ఇబ్బంది పడతారు. "అక్కా, ధైర్యం తెచ్చుకోమంటారు సరే, ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?" అని ఒక అమ్మాయి నిలదీసింది. మంచి ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె పాలమూరు జిల్లాలో ఏళ్ల తరబడి బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాక్యం చదివి వినిపించి, వాళ్ల కష్టం విని ప్రార్థన చేసి రావడం ఆమె పని. నా ప్రశ్న విని, "చెప్తే అర్థంగాదు బిడ్డా. నడువు, మనోళ్లను చూపిస్త" అంది.

అట్లా బయల్దేరాం. కండక్టర్ రాగానే పెద్దమ్మ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. జడ్చర్లలో దిగి మిషన్ ఆస్పత్రి చూశాం. 1950ల్లో వచ్చిన ఆస్పత్రి అది. పెద్దమ్మ తన ఇద్దరు పిల్లల్నీ అక్కడే కన్నది. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు, చీకటి పడకముందే మహబూబ్‌నగర్ చేరుకోవాలి.

మహబూబ్‌నగర్‌లో ఆ సాయంత్రం ఒక ఇంట్లో కాటేజ్ మీటింగ్, అంటే ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూడిక. రెండు గదుల ఇల్లు. మంచం నిలబెట్టి, చాపలు పరిచారు. పాటలయ్యాక పాస్టర్ అయ్యగారు ఒక అబ్బాయిని సాక్ష్యం చెప్పమన్నారు. ముప్ఫై ఏళ్లుంటాయి. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్న జిల్లా కదా, వాళ్ల నాన్న ముంబైలో మట్టిపని చేసినవాడే. ఇతను కొంచెం చదువుకుని బిల్డింగ్ సైట్‌లో సూపర్‌వైజర్ అయ్యాడు. లేచి నిలబడ్డాడు గానీ మాట రాలేదు. జిప్పున్న రెగ్జిన్ కవర్లో ఉంది అతని బైబిల్. ఆ జిప్పును సగం దాకా లాగడం, మళ్లీ వేయడం, అదే చేస్తున్నాడు. వేళ్లు వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక ముసలాయన "నిమ్మళంగ చెప్పు కొడుకా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. సైట్‌కు వచ్చిన సిమెంట్ కన్నా ఎక్కువ వచ్చినట్టు సంతకం పెట్టమన్నారట. అందరూ పెడుతున్నారు, నీకేం పోయిందన్నారట. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున వెళ్లి, "సార్, నేను యేసుప్రభువును నమ్ముకున్నోణ్ని, అబద్ధం సంతకం పెట్టలేను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కాళ్లలో సత్తువ లేదట. పని పోయింది. నెలల తరబడి ఖాళీగా ఉన్నాడు. ఇంట్లో భార్య కూడా కోపం చేసింది. "నాకు ధైర్యం లేకుండె. ఇప్పుడు గూడ లేదు. అడిగితే ఆ పూటకు దేవుడిచ్చిండు" అని కూర్చున్నాడు. తర్వాత దేవుడు ఇంకా మంచి ఉద్యోగం ఇచ్చాడని చెబుతాడేమో అని ఎదురుచూశాను. చెప్పలేదు. ఇప్పుడు చేస్తున్న పనిలో జీతం అంతకన్నా తక్కువే.

నాకు బైబిల్లోని నెహెమ్యా గుర్తొచ్చాడు. రాజు ముందు నిలబడినప్పుడు చాలా భయపడ్డానని ఆయనే రాసుకున్నాడు. ఆ భయంలోనే మనసులో దేవునికి ప్రార్థన చేసి, వెంటనే రాజుకు జవాబు చెప్పాడు. ముందు భయం పోయి, తర్వాత నోరు పెగలడం జరగలేదక్కడ. మనం యూత్ మీటింగుల్లో "భయపడొద్దు" అని ఊరికే అరుస్తాం. భయం వేస్తున్నవాడు ఆ మాట విని, తనలో విశ్వాసం లేదేమో అని ఇంకా కుంగిపోతాడు. ఈ అబ్బాయిని మా పిల్లల ముందు నిలబెట్టాలనిపించింది.

మర్నాడు నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్లాం. ఒకప్పుడు ఈ ప్రాంతమంతటికీ బోధకులను తయారుచేసిన బైబిల్ పాఠశాల మొదట్లో ఇక్కడే నడిచింది. కల్వకుర్తి దాటాక బస్సులో జనం పలచబడ్డారు. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీసింది.

"పేతురును గుర్తుపెట్టుకో" అంది. యేసును పట్టుకున్న రాత్రి, ప్రధాన యాజకుని వాకిట్లో చలి కాచుకుంటూ, ఒక పనిపిల్ల అడిగినందుకే ఆయనెవరో నాకు తెలియదన్నాడు. కొన్ని వారాలు తిరిగేసరికి అన్న, కయప అనే అదే ప్రధాన యాజకులు కూర్చున్న సభలో నిలబడి, మీరు సిలువ వేసిన యేసే రక్షకుడని మొహం మీద చెప్పాడు. ఈ మధ్యలో ఏం జరిగింది? యేసు మరణాన్ని గెలిచి లేచాడు. పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ దిగాడు. ఈ రెండూ మనం ప్రతి ప్రసంగంలోనూ చెబుతాం. పెద్దమ్మ ఇంకొకటి చూపించింది. పేతురు బొంకింది నిప్పుల దగ్గర. తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు అతన్ని మళ్లీ నిప్పుల దగ్గరికే పిలిచాడు. కాల్చిన చేపలు, రొట్టె పెట్టాడు. తిన్నాక అడిగాడు. ఈసారి ధైర్యంగా ఉంటావా అని అడగలేదు, మళ్లీ పారిపోవుగా అని మాట తీసుకోలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు.

"ప్రేమ గట్టిగుంటే ధైర్యం దానెంబడే వస్తది బిడ్డా. పిల్ల బాయిల పడితే ఈత రాని తల్లి గూడ దుంకుతది" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ తీసిన ఆ నాలుగో అధ్యాయంలోనే నన్ను ఎప్పుడూ ఆపే చోటు ఇంకొకటుంది. పేతురును, యోహానును బెదిరించి వదిలేస్తారు. వాళ్లు నేరుగా తమవాళ్ల దగ్గరికి వచ్చి జరిగింది చెబుతారు. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థనలో మా శత్రువులను తీసెయ్యి అన్న మాట లేదు, మమ్మల్ని వేరే ఊరికి పంపమన్న మాట లేదు. వారి బెదిరింపులు చూడు ప్రభువా, నీ వాక్యం ధైర్యంగా చెప్పే శక్తి మాకు ఇయ్యి అని అడిగారు. అప్పటికే సభ ముందు నిలబడి మాట్లాడి వచ్చినవాళ్లు మళ్లీ ధైర్యం కోసమే అడుగుతున్నారు. పౌలు కూడా అంతే. సంకెళ్లలో ఉండి ఎఫెసు సంఘానికి రాస్తూ, నేను ధైర్యంగా మాట్లాడేలా నాకోసం ప్రార్థన చేయండి అన్నాడు. పౌలంతటివాడు అడిగాడంటే, మనం అడగడానికి సిగ్గెందుకు? మన సంఘాల్లో ఉద్యోగం కోసం, వీసా కోసం, ఆరోగ్యం కోసం ప్రార్థన చీటీలు వస్తాయి. నాకు ధైర్యం కావాలి అని రాసిన చీటీ నేను చూడలేదు.

దేవరకొండ చేరేసరికి ఎండ ముదిరింది. వెలమ రాజులు గుట్టల్ని కలుపుతూ కట్టిన కోట బస్టాండు దగ్గరికే కనిపిస్తుంది. మేము మాత్రం ఆటో ఎక్కి ఒక తండాకు వెళ్లాం. పెద్దమ్మకు తెలిసిన లంబాడీ అక్క ఒకామె అక్కడ ఉంది. ఇంట్లో లేదు, పత్తి చేలో ఉంది. మేమూ చేలోకే వెళ్లాం. ఊరికే నిలబడి మాట్లాడటం బాగుండదని నేనూ సాలు పట్టాను. విచ్చుకున్న కాయలోంచి పత్తి లాగుతుంటే ఎండిన రెక్కల మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుంటాయి. కాసేపటికే నా వేళ్ల మీద గీతలు పడ్డాయి. ఆమె మాత్రం రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి ఏరి, నడుముకు కట్టిన ఒడిలోకి వేస్తూ, చూపు తిప్పకుండా మాట్లాడింది.

ఆమె బాప్తిస్మం తీసుకున్నాక పక్కింటివాళ్లు మాట మానేశారు. పేరంటాలకు పిలవలేదు. "నువ్వేమన్నవక్కా వాళ్లను?" అని అడిగాను. "ఏమనలే. పొద్దుగాల ఎదురైతే నేనే పలకరిస్తుంటి. పలకపోతుండ్రి" అంది. ఒక వానాకాలం రాత్రి ఆ పక్కింటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మగవాళ్లు వలస పోయి ఉన్నారు. ఈమె పిలవకుండానే వెళ్లి తలుపు కొట్టింది. లోపలికి రానిస్తారో లేదో తెలియదు. "ఆ తలుపు కొట్టనీకె నాకు భయమైందక్కా. దావలో చీకటంటే భయం గాలే" అంది. ఆటో మాట్లాడి, ఆస్పత్రి దాకా వెంట వెళ్లి, తెల్లారేదాకా అక్కడే కూర్చుంది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు మాట్లాడతారు. చర్చికి రారు. రావాలని ఆమె ప్రార్థన చేస్తుంది గానీ, ఆ రాత్రి చేసిన సాయానికి దాన్ని బదులుగా అడగలేదు.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. మైకు పెట్టి పక్కవాళ్ల దేవుళ్లను తిట్టడాన్ని ధైర్యమని కొందరు అనుకుంటున్నారు. సోషల్ మీడియాలో అలాంటి వీడియోలకు లైకులూ బాగానే వస్తాయి. నేను దాన్ని ధైర్యమని ఒప్పుకోను. పౌలు తిమోతికి రాసిన మాటను మనం సగమే చదువుతున్నాం. "పిరికితనముగల ఆత్మ నియ్యలేదు" అన్నది అందరికీ నోటికి వచ్చు. అదే వచనంలో శక్తి పక్కన ప్రేమ ఉంది, ఇంద్రియ నిగ్రహం ఉంది. శక్తి ఒక్కటే పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తే పక్కింటి తలుపు కొట్టే ధైర్యం ఎన్నటికీ రాదు.

దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండకు వచ్చాం. దారిలో బత్తాయి తోటలు. నల్లగొండకు 1890లో అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియ వచ్చారు. రష్యాలోని మెనొనైట్ బ్రెదరన్ విశ్వాసులు పంపితే, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేసిన దంపతులు వాళ్లు. తమ ఊళ్లలో గోధుమ పండించుకునే రైతులు చందాలేసుకుని పంపిన మిషన్ అది. 1917 విప్లవం తర్వాత రష్యా నుంచి ఆ సాయం తెగిపోయింది. పంపినవాళ్లే కష్టాల్లో పడ్డారు. ఇక్కడి సంఘాలు మాత్రం నిలిచాయి. మిషనరీ దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఊరి పెత్తందారుల ముందు, కూలి పోతుందని తెలిసి కూడా, మేము యేసును నమ్ముకున్నాం అని చెప్పిన వెట్టి మనుషుల పేర్లు ఎక్కడా లేవు. ఈ జిల్లాలో ధైర్యం గురించి రాయాల్సివస్తే నేను మొదట వాళ్ల గురించే రాస్తాను. మా తాతల తాతలు వాళ్లే.

నల్లగొండలో పెద్దమ్మకు తెలిసిన సంఘంలో యూత్ పిల్లలు శనివారాలు ఆస్పత్రికి వెళ్తారు. ఇద్దరిద్దరుగానే వెళ్లాలని వాళ్ల నియమం, ప్రభువు శిష్యులను పంపినట్టు. నన్నూ రమ్మన్నారు. నా జంటగా వచ్చిన అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సంచిలో బత్తాయిలు, చేతిలో ఒక నోటుబుక్కు. మొదటి మంచం మీద ముసలాయన మమ్మల్ని చూడగానే, "మేం మతం మారం, పొండి" అన్నాడు గట్టిగా. వార్డులో అందరూ ఇటు తిరిగారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ అమ్మాయి మాత్రం నవ్వి, "అందుకు రాలే తాతా, ఎట్లున్నవో చూడనీకి వచ్చినం. బత్తాయి తీసుకో" అంది. తీసుకున్నాడు. ప్రార్థన మాట ఆమె ఎత్తలేదు. నమస్కారం పెట్టి ముందుకు నడిచింది.

రెండో మంచం దగ్గర "అక్కా, ఇక్కడ మీరు అడగండి" అంది.

మంచం మీద భర్త, పక్కన స్టూలు మీద భార్య. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. "మీ కోసం ప్రార్థన చెయ్యమంటరా అమ్మా?" అని అడిగాను. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన తలూపాడు. "చెయ్యమ్మా, రేపే ఆపరేషన్. టెన్షన్‌తోని ముద్ద దిగుతలేదు" అంది. నేను గొంతు ఎత్తకుండా, వాళ్లిద్దరికీ వినపడేంత మాత్రమే ప్రార్థన చేశాను. ఆయనకు భయం తీసెయ్యమని, డాక్టర్ల చేతికి తోడుండమని, ఆమెకు అన్నం తినే బలం ఇమ్మని అడిగాను. ఆమెన్ అన్నాక ఆమె డబ్బా మూత తీసి, "మీరు తిన్నరా?" అని అడిగింది.

ఆ అమ్మాయి నోటుబుక్కులో మంచం నంబరు, ఆపరేషన్ తేదీ రాసుకుంది. వచ్చే శనివారం వచ్చే జంటకు అవి అప్పగిస్తారట. ఆ పేజీలోనే కింద వాళ్ల ప్రార్థన అంశాలు కూడా రాసి ఉన్నాయి. మొదటిది: "అడగడానికి ధైర్యం." దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి మా యూత్ గ్రూపులో పెట్టాను. నన్ను నిలదీసిన అమ్మాయే అందరికన్నా ముందు జవాబు పెట్టింది: "అక్కా, ఈ ఆదివారం చీటీల్లో నాది ఇదే రాస్తా." బయట బెంచీ మీద పెద్దమ్మ అప్పటికే ఎవరో పేషెంటు తల్లి చేయి పట్టుకుని మాటల్లో పడింది. బస్సుకు టైమైందని చెప్పినా, ఇంకో పది నిమిషాలు ఆగమని నాకే సైగ చేసింది.