తకిట తకిట తకిట

డబ్లిన్‌కి వచ్చి మూడేళ్లు. మా అమ్మాయి ఐరిష్ డ్యాన్స్‌లో చేరినప్పటి నుంచి ఇంట్లో ప్రాక్టీసుకి మ్యూజిక్ పెట్టే డ్యూటీ నాది. ఫిడిల్, అకార్డియన్ వినిపిస్తే చాలు, హుషారుగా ఉంది కదా అని ఏదో ఒకటి పెట్టేసేదాన్ని.

నిన్న సాయంత్రం హార్న్‌పైప్ అనే డ్యాన్స్ ప్రాక్టీసు. టకటకా చప్పుడు చేసే హార్డ్ షూస్ వేసుకుని, హాల్లో ప్లైవుడ్ ముక్క మీద నిలబడింది. మొదటి ఎనిమిది బార్లు (మన ఆవర్తాల్లాంటివి) అడుగు వేయకూడదు, పాదం ముందుకు చాపి వింటూ ఉండాలి. రెండో బారుకే "అమ్మా, ఇది నాది కాదు, స్పీడెక్కువ" అంది. చూస్తే నిమిషానికి 138 బీట్లు. దానికి కావాల్సింది 113.

పై లెవెల్‌కి వెళ్లేకొద్దీ మ్యూజిక్ వేగం పెరుగుతుందనుకున్నా. తీరా చూస్తే తగ్గుతుందట! ఒక్కో బీటు మధ్యలో ఎక్కువ దెబ్బలు ఇరికించాలి కదా మరి. తాళం అదే, అడుగులు రెట్టింపు, మన రెండో కాలం లాగా. నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, ఈ ముక్క తట్టలేదు.

స్లిప్ జిగ్ అనే ఇంకో డ్యాన్స్‌ది 9/8, అంటే బారుకి తొమ్మిది చిన్న బీట్లు. "తకిట తకిట తకిట" అని తొడ మీద వేసి చూపిస్తే ముందు నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్తూ అదే గొణుక్కుంటోంది.

ఇప్పుడు ఫోన్లో ప్రతి ట్రాక్ పేరు పక్కన స్పీడు అంకె రాసిపెట్టాను. కింది ఫ్లాట్ వాళ్లకి మాత్రం 113 అయినా 138 అయినా ఒకటే. సాయంత్రం ఏడు దాటితే హార్డ్ షూస్ బంద్.